అల్లుడూ, లైటు కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి,

పరవాడ ఫార్మా సిటీలో నీకు ఉద్యోగం వచ్చిందనీ, ట్రైనింగ్ పూర్తయి ఈ నెల నుంచి షిఫ్టుల్లో వేశారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. బి షిఫ్టు దిగాక రాత్రిపూట సైకిల్ మీద కూర్మన్నపాలెం గదికి వస్తున్నావని తెలిసింది. లైటు కొందామంటే రెండు వందల నుంచి నాలుగు వేల దాకా ఉన్నాయి, ఏది కొనాలో చెప్పు మావయ్యా అని నువ్వు పెట్టిన మెసేజీ చూశాను. నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. స్టీలు ప్లాంటులో షిఫ్టులు చేసిన మా తరంలో చాలామందిమి సైకిళ్ల మీదే వెళ్లొచ్చాం. రాత్రి రోడ్డంటే ఏమిటో నాకు తెలుసు.

లైటును డబ్బా మీద అంకె చూసి కొనకు, నువ్వు తొక్కే దారిని చూసి కొను. పరవాడ నుంచి లంకెలపాలెం దాకా చాలాచోట్ల వీధి దీపాలు లేవన్నావు. అక్కడ గొయ్యి, ఇసుక మేట, రోడ్డు మీద పడుకున్న గేదె నీకు కనిపించాలి. హైవే ఎక్కాక సంగతి వేరు. అక్కడ నువ్వు లారీల వాళ్లకు కనిపించాలి. ఈ రెండు పనులూ ఒకే లైటుతో జరగవు. ముందు మొదటిదాని గురించి చెబుతాను.

గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో తొక్కితే సెకనుకు అయిదున్నర మీటర్లు ముందుకు పోతావు. గొయ్యి కంటపడి, చెయ్యి బ్రేకు నొక్కేలోపు సెకనున్నర గడుస్తుంది. అంటే అప్పటికే ఎనిమిది మీటర్లు వెళ్లిపోయావు. బ్రేకు పట్టాక సైకిల్ ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో నాలుగైదు మీటర్లు కావాలి. వానలో తడిసిన రిమ్ము మీద బ్రేకు కట్టెలు జారతాయి కాబట్టి ఇంకా ఎక్కువే. అందుకని నీ లైటు కనీసం ఇరవై మీటర్ల ముందున్న గొయ్యిని చూపించాలి. అంతకన్నా తక్కువ చూపించే లైటుంటే వేగం తగ్గించుకోవాలే తప్ప వేరే దారి లేదు.

దుకాణంలో అందరూ ల్యూమెన్ల గురించి చెబుతారు. ల్యూమెన్ అంటే లైటులోంచి మొత్తం ఎంత వెలుతురు బయటికొస్తోంది అన్న లెక్క. రోడ్డు మీద ఒకచోట ఎంత పడుతోంది అన్నదానికి లక్స్ అని వేరే కొలత ఉంది. కుళాయిలోంచి ఎంత నీరొచ్చింది అన్నది ఒకటి, మొక్క మొదట్లో ఎంత పడింది అన్నది మరొకటి. మామూలు టార్చి లైటును హ్యాండిల్‌కు కట్టావనుకో, దాని వెలుతురు గుండ్రంగా పరుచుకుంటుంది. సగం చెట్ల కొమ్మల మీదికి, ఎదురొచ్చేవాడి కళ్లలోకి పోతుంది. కళ్లు చెదిరిన బైకువాడు నీ మీదికే రావచ్చు. మంచి సైకిల్ లైటు వెలుతురును పైన గీత గీసినట్టు కోసేసి, మొత్తం కిందికి, రోడ్డు మీదికి పరుస్తుంది. జర్మనీలో సైకిల్ లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదని రోడ్డు నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధన పేరు ఎస్‌టీవీజెడ్‌ఓ. నీకు అందే ధరలో ఆ పేరున్న లైటు దొరికితే కళ్లు మూసుకుని తీసుకో. దొరక్కపోతే దుకాణంలో గోడ మీదికి వేయించి చూడు. వెలుతురు పైభాగం సమంగా తెగి, అడ్డంగా వెడల్పుగా పరుచుకోవాలి. మధ్యలో తెల్లటి చుక్క, చుట్టూ చీకటి ఉన్నది వద్దు. ఇలా రోడ్డు మీద పరిచే లైటయితే నిజమైన మూడు వందల నుంచి అయిదు వందల ల్యూమెన్లు నీ దారికి బాగా సరిపోతాయి.

నిజమైన అని ఎందుకన్నానంటే, అబద్ధపు అంకెలు చాలా ఉన్నాయి. చాలా లైట్లలో 18650 అనే బ్యాటరీ ఉంటుంది. పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై అయిదు మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్లు సామర్థ్యం కూడా సుమారు మూడున్నర వేల ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. దాని మీద 9900 అని రాసుంటే అది మోసమే. చేత్తో పట్టుకుంటే అసలు సెల్లు నలభై అయిదు గ్రాముల దాకా బరువుంటుంది, నకిలీది తేలిపోతుంది. ఇంకో లెక్క కూడా వేసుకో. ఎల్‌ఈడీ లైటు ఒక వాట్‌కు సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుంది. నాలుగు వందల ల్యూమెన్లకు నాలుగు వాట్లు. 2600 ఎంఏహెచ్ సెల్లులో ఉండేది తొమ్మిదిన్నర వాట్-అవర్లు, అంటే రెండు గంటల పైచిలుకు. ఇంత చిన్న లైటు వెయ్యి ల్యూమెన్లతో ఎనిమిది గంటలు వెలుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకు. నీకు రానూపోనూ రెండు గంటలు వెలిగితే చాలు. చార్జింగ్ అయిపోవచ్చే ముందు ఎర్రగా హెచ్చరించే లైటు తప్పనిసరిగా చూసుకో. ఫోన్ చార్జరుతోనే పనయ్యే టైప్-సీ పోర్టు ఉంటే ఇంకా మంచిది.

మన విశాఖ తీరంలో వాన ఒకటి, ఉప్పుగాలి ఒకటి. డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే ఏ వైపు నుంచి జల్లు కొట్టినా తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫరవాలేదు. మొదటిది చాలు. పోర్టు మీద రబ్బరు మూత మాత్రం బిగుతుగా ఉండాలి. తెరిచి వదిలేస్తే లోపల పచ్చగా తుప్పు పట్టి చార్జింగ్ ఎక్కదు. హ్యాండిల్‌కు బిగించే పట్టీ కూడా చూడు. గోతుల్లో పడ్డప్పుడల్లా లైటు ముందుకు వాలిపోతే ఎంత మంచి లైటయినా దండగ. స్క్రూతో బిగించి, లైటును మాత్రం చేత్తో ఊడదీసుకునేలా ఉన్నది కొను. మీ ప్లాంటులో సాల్వెంట్ ఆవిర్లు ఉంటాయి కనుక బ్యాటరీ వస్తువులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. గేటు దగ్గరో లాకర్లోనో పెట్టుకోవాలి. సైకిల్ స్టాండులో వదిలేస్తే మాత్రం తిరిగొచ్చేసరికి ఉంటుందని నమ్మకం లేదు.

డైనమో వాడొచ్చా అని కూడా అడిగావు. ఆరు వోల్టులు, మూడు వాట్ల డైనమో ఒకప్పుడు చాలా సైకిళ్లకు ఉండేది. చార్జింగ్ గొడవ లేదు. కానీ టైరుకు రాసుకుంటూ తొక్కుడు బరువెక్కుతుంది, వానలో జారుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే లైటు ఆరిపోతుంది. నీకు వద్దు.

లైటు బిగించుకునే పద్ధతి కూడా విను. సాయంత్రం సైకిల్‌ను గోడకు పదహారు అడుగుల దూరంలో నిలబెట్టు. లైటు ఎత్తు ఎంతుందో గోడ మీద గుర్తు పెట్టి, వెలుతురు నడిభాగం ఆ గుర్తుకు ఒక అడుగు కింద పడేలా సర్దు. అప్పుడది రోడ్డు మీద దాదాపు పదిహేను మీటర్ల దూరంలో పడుతుంది, దాని పైఅంచు ఇంకా ముందుకు చూపిస్తుంది. తలకు కట్టుకునే లైటుతోనే సరిపెట్టుకోవద్దు. కంటి పక్కనుంచి వచ్చే వెలుతురులో గొయ్యి నీడ కనిపించదు, రోడ్డంతా చదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ముందు లైటును చీకట్లో మిణుకు మిణుకుమనేలా పెట్టకు. నువ్వెంత దూరంలో ఉన్నావో ఎదుటివాడికి అంచనా దొరకదు. నిలకడగా వెలగనివ్వు.

ఇక రెండో పని. హైవే మీద వెనక నుంచే ప్రమాదం ఎక్కువ. రెండు మూడు వందలు పెట్టి ఒక ఎర్ర లైటు కొని సీటు కింద బిగించు. గాజువాకలో ఆటో సామాన్ల దుకాణానికి వెళ్లి లారీలకు అంటించే రిఫ్లెక్టర్ టేపు ఒక అర మీటరు తీసుకో. వెనక మడ్‌గార్డుకు, పెడల్ కడ్డీలకు చుట్టు. పైకీ కిందికీ కదిలే మెరుపు చూస్తే ముందు వెళ్లేది సైకిలని డ్రైవరుకు దూరం నుంచే తెలిసిపోతుంది. ఈ టేపుకు బ్యాటరీ అక్కర్లేదు, చెడిపోయేదేమీ లేదు.

నీ జీతం ఎంతో నాకు తెలుసు. అందుకే లెక్క చెబుతున్నాను. ముందు లైటుకు వెయ్యి, పన్నెండు వందలు. వెనక లైటుకు, టేపుకు కలిపి మూడు నాలుగు వందలు. అంతకన్నా పెట్టనక్కర్లేదు. రెండు వందల లైటు మాత్రం వద్దు. ఈ నెల డబ్బు ఇబ్బందయితే నాకు ఫోన్ చెయ్యి, పంపిస్తాను. మొహమాటపడకు. లైట్లు రెండూ బిగించేదాకా బి షిఫ్టు రోజుల్లో కంపెనీ బస్సులోనో, తోటి కుర్రాళ్ల బండి మీదో రా. ఈ ఆదివారమే వెళ్లి కొనుక్కో, వాయిదా వెయ్యకు.

ఇట్లు,
మీ మావయ్య