అంతియొకయలో పంక్తిభేదము

చదువవలసిన భాగములు: అపొ. కార్యములు 15:1-31, గలతీయులకు 2:1-16, రోమీయులకు 11:17-24.



క్రైస్తవుడు యూదుల ఆచారములను పాటింపవలెనా అను ప్రశ్న మన గ్రామ సంఘములకు దూరమైనది కాదు. శనివారమే విశ్రాంతిదినమని కొందరును, పస్కాపండుగను విడువరాదని మరికొందరును బోధించుచుండగా మనవారు కలవరపడుచున్నారు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గరనున్న కొత్తరెడ్డిపాలెములో ఇంతకంటె పెద్ద సంగతి జరిగినది. ఒకప్పుడు బాప్టిస్టు సంఘములో నుండిన కొన్ని మాదిగ కుటుంబములవారు, షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సహోదరుల నాయకత్వమున, 1980వ దశాబ్దపు చివరనుండి తాము ఎఫ్రాయిము గోత్రపు ఇశ్రాయేలీయులమని చెప్పుకొనుచున్నారు. సమాజమందిరము కట్టుకొని, హెబ్రీ భాష నేర్చుకొని, విశ్రాంతిదినమును ఆచరించుచున్నారు. వారికి బెనె ఎఫ్రాయిము అని పేరు.

వారిని చూచి నవ్వువారు మనలో కలరు. మేము నవ్వలేము. తరతరములుగా ఊరి వెలుపల నుంచబడినవారు గౌరవముగల పూర్వికులను ఎందుకు వెదకుదురో మనకు తెలియనిదా? బాప్తిస్మము పొందిన తరువాతను కులమే అడిగిన సంఘములు మనదేశమున లేకపోలేదు. వారు యూదులుగా జీవింప నెంచిరి; అది వారి మార్గము. క్రీస్తునందున్న మన సంగతి వేరు.

క్రీ.శ. 49 ప్రాంతమున యెరూషలేములో అపొస్తలులు ఈ విషయమునే విచారించిరి. సున్నతి లేనిదే రక్షణ లేదని కొందరు పట్టుపట్టిరి. (సున్నతి అను మాట మన బైబిలులోను, కోహీరులో మన ముసల్మాను పొరుగువారి ఇండ్లలోను ఒక్కటే గనుక దానిని వివరింప నక్కరలేదు.) ఆ కాడిని అన్యజనులమీద మోపరాదని సభ తీర్మానించెను. విగ్రహార్పితము, జారత్వము, గొంతుపిసికి చంపినది, రక్తము అను నాలుగింటిని మాత్రము విసర్జింపుడని వ్రాసి పంపెను. మేక నెత్తురు వండుకొను ఇండ్లవారు ఇక్కడ కొంచెము నిలిచి చదువవలెను! యూదులైన విశ్వాసులు వీరితో కలిసి భుజించుటకు ఆటంకముండరాదనియే ఆహారపు కట్టడలు విధింపబడెనని మా తలంపు.

అంతియొకయలో జరిగినది చూడుడి. పేతురు అన్యజనులతో భోజనము చేయుచుండెను. యాకోబునొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తగ్గెను. బర్నబాకూడ అతనితో పోయెను. పేతురు తన ఉపదేశమును మార్చలేదు. కూర్చుండు చోటు మాత్రమే మార్చెను. అయినను పౌలు అందరియెదుట అతని నెదిరించెను. మన భాషలో దీనికి పంక్తిభేదమని పేరు. ఒకే పాట పాడి, ఒకే ప్రార్థనకు ఆమేనని పలికి, ప్రేమవిందులో మాలలొకచోటను మాదిగలొకచోటను కూర్చున్న సంఘములు ఈ అధ్యాయమును ఎట్లు చదివెనో!

ఆచారమే పాపమని పౌలు తలంచెననుకొనరాదు. యూదులనుబట్టి తిమోతికి సున్నతి చేయించెను. రక్షణకు అది కావలెనని పట్టుపట్టినచోట తీతు విషయమై గడియయైనను లోబడలేదు. యేసు ప్రభువునకే ఎనిమిదవ దినమున సున్నతి జరిగెను. కాబట్టి యూదులను తృణీకరించు హక్కు మనకు లేదు. మన తోటమాలులు నాటు మామిడికి మేలుజాతి కొమ్మను అంటుకట్టుదురు. పౌలు అడవి ఒలీవ కొమ్మను మంచి చెట్టునకు అంటుకట్టెనని చెప్పుచు, ఇది స్వభావవిరుద్ధమని తానే ఒప్పుకొనుచున్నాడు. మనము ఆ అడవి కొమ్మలము. వేరు మనది కాదు. అయినను సారము మనకును వచ్చుచున్నది.

మన సంఘములో శనివారము పనిమాని ప్రార్థించువారిని అడ్డగింపకుందము. పంది మాంసము తిననివారు ప్రేమవిందునకు వచ్చినయెడల దానిని వండకుందము. అయితే తమవలె చేయనివారికి రక్షణ లేదని చెప్పి ప్రభువు బల్లయొద్ద వేరుగా కూర్చుండువారితో, పౌలువలె అందరియెదుట మాటలాడవలసియుండును.