పట్టికల కూర్పు: పిల్లల తొలి ప్రయత్నము

ఈ సంవత్సరము మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలు గ్రంథాలయపు లెక్కలను కంప్యూటరులో వ్రాయ పూనుకొనిరి. ఇంటివద్ద పిల్లలు గళ్ళు గీయుచు, "టేబులు", "కీ" అనుచుండగా ఇది యేమి చదువని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడిగిరి. వారికొఱకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. కంప్యూటరు ఎఱుగనివారికిని ఇది బోధపడును. ఏలయన ఇది చిట్టా, ఆవర్జా వ్రాయుటవంటి పనియే.

మొదట పిల్లలు సమస్తమును ఒకే పెద్ద పట్టికలో వ్రాసిరి: విద్యార్థి పేరు, తరగతి, తండ్రి ఫోను, పుస్తకము పేరు, రచయిత, తీసికొన్న తేది, తిరిగి యిచ్చిన తేది. చూచుటకు చక్కగానే యుండెను. కాని ఒక బాలిక ఐదు పుస్తకములు తీసికొన్నచో ఆమె తండ్రి ఫోను ఐదు చోట్ల వ్రాయవలెను. ఆ ఫోను మారిననాడు రెండు చోట్ల దిద్ది మూడు చోట్ల మఱచినచో ఏది నిజము? ఎవరును తీసికొనని పుస్తకమునకు ఆ పట్టికలో చోటే లేదు. ఒక్కరే తీసికొన్న పుస్తకపు వరుసను కొట్టివేసినచో, ఆ పుస్తకము మనకు గలదను సంగతియే మాసిపోవును.

ఇట్టి చిక్కులకు మార్గము చూపినవాడు ఇ. ఎఫ్. కాడ్ అను శాస్త్రజ్ఞుడు. ఐ.బి.యం. సంస్థలో పనిచేయుచు 1970లో ఆయన ప్రకటించిన వ్యాసమే నేటి రిలేషనల్ డేటాబేసులకు మూలము. పిల్లలకు మేము దాని సారమును ఇట్లు చెప్పితిమి: ఒక సంగతిని ఒకే చోట వ్రాయుము, తక్కిన చోట్ల దాని సంఖ్యను మాత్రమే వ్రాయుము.

అంతట పట్టికలు మూడయ్యెను. విద్యార్థుల పట్టికలో ప్రవేశసంఖ్య, పేరు, తరగతి, తండ్రి ఫోను. పుస్తకముల పట్టికలో పుస్తకసంఖ్య, పేరు, రచయిత, భాష. ఇచ్చిన పుస్తకముల పట్టికలో వరుససంఖ్య, ప్రవేశసంఖ్య, పుస్తకసంఖ్య, రెండు తేదులు. ఒక వరుసను తక్కినవానినుండి వేఱుపఱచు సంఖ్య ప్రైమరీ కీ. వేఱొక పట్టికలోని వరుసను చూపు సంఖ్య ఫారిన్ కీ. పేరునే గుర్తుగా ఏల పెట్టరాదని ఒక బాలుడు అడిగెను. ఒకే తరగతిలో ఇద్దరు లక్ష్ములుండవచ్చును. ఒక్క వెంకటేశ్వర్లు పేరే మూడు విధముల వ్రాయబడవచ్చును. సంఖ్యకు ఆ చిక్కు లేదు.

తరువాత విద్యార్థుల పట్టికలో "ఇంటి భాష" అను గడిని చేర్చి, ఇంట తెలుగు మాట్లాడు పిల్లలలో తెలుగు పుస్తకములు తీసికొన్నవారెందరని ప్రశ్నించితిమి. వచ్చిన సంఖ్య మేము కన్నులార చూచుచున్నదానికంటె తక్కువగా నుండెను. విచారింపగా కొందఱి గడిలో "తెలుగు, కన్నడము" అని రెండును కలిపి వ్రాసియుండిరి. యంత్రము "తెలుగు" అని మాత్రమే యున్న గడులను ఎంచెను. రెండు భాషల యింటి బిడ్డ తెలుగు లెక్కలో లేకపోయెను.

ఇది చిన్న పొరపాటు కాదు. భాషా అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350 ఎ అధికరణము చెప్పుచున్నది. అట్టి వసతి కోరినపుడు "పిల్లలెందరు?" అను ప్రశ్న తప్పక వచ్చును. తప్పు లెక్కతో దానికి సరియైన జవాబు చెప్పలేము.

అందుచే నాలుగవ పట్టికను చేర్చితిమి. అందు ప్రవేశసంఖ్య, భాష అను రెండు గడులే. ఒక భాషకు ఒక వరుస. రెండు భాషల బిడ్డకు రెండు వరుసలు. ఇపుడు తెలుగును వెదకినను, కన్నడమును వెదకినను ఆ బిడ్డ కనబడును.

తల్లిదండ్రులకు మా మనవి: ప్రవేశపత్రమున బిడ్డ పేరును జనన ధ్రువపత్రములో నున్నట్లే వ్రాయుడు. ఫోను మారినచో వెంటనే తెలుపుడు. ఒక్కచోట దిద్దిన చాలును. ఇంట మాట్లాడు ప్రతి భాషను విడివిడిగా వ్రాయుడు. తెలుగును వ్రాయుటకు సంకోచింపకుడు. మీరు వ్రాయనిది ఏ పట్టికయు చూపజాలదు.