పీహెచ్‌డీ అయింది, పైసలెక్కడ?

ప్రశ్న: బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ ముగిసింది. పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బులపై పనిచేయాలనుంది. నిధులెవరిస్తారు?
- ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు వెతకాల్సింది డబ్బు కాదు, చోటు. ఆతిథ్య సంస్థ సమ్మతి పత్రం లేనిదే దరఖాస్తు గడప దాటదు. ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. పులివెందులలో పశు పరిశోధన కోసం కట్టిన ఐజీకార్ల్ ఉంది; అక్కడ ఇప్పుడు ఏయే ల్యాబులు నడుస్తున్నాయో అడిగి తెలుసుకోవాలి. ఇక అంశమంటారా, జమ్మలమడుగు చుట్టుపక్కల గొర్రెల కాపరుల్లో పశువుల నుంచి సోకే బ్రుసెల్లోసిస్ ఎంతమందికి ఉందన్నది అడగదగ్గ ప్రశ్నే. రక్తం తీయాలంటే మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు.

ఇక నిధులు. పర్మినెంట్ ఉద్యోగం లేనివారికి హైదరాబాద్‌లోని డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం)-వెల్‌కమ్ ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ మేలు. జీతమూ ఇస్తుంది, పరిశోధన ఖర్చూ ఇస్తుంది. 2008లో మొదలైన ఈ కార్యక్రమం మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరులో పచ్చజెండా ఊపింది, మొత్తం రూ.1,500 కోట్లు. పోటీ గట్టిదే!

విదేశాల్లో ఉండి తిరిగి రావాలనుకునేవారికి డీబీటీ రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది. శ్రీకాకుళంలో పుట్టి, కాంగ్రా లోయలో అయొడిన్ ఉప్పుతో గాయిటర్ తగ్గుతుందని చూపిన వులిమిరి రామలింగస్వామి పేరది.

దరఖాస్తులోని బడ్జెట్‌లో కిట్ల ధర రాసి, శాంపిళ్లను ఐస్ పెట్టెలో పల్లె నుంచి ల్యాబుకు చేర్చే బండి బాడుగ మరిచిపోతుంటారు. అదీ రాయాలి.