‘టూ’ అను చిన్నమాట

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు ఇంగ్లీషు ఉత్తరములు చదువునపుడు సభ్యులు ‘టూ’ అను మాటయెడ కొంత జాగరూకత వహింపవలెను. సంఖ్యను చెప్పు ‘టూ’ గాని, ‘కు’ అను విభక్తివంటి ‘టు’ గాని మనకిచట ప్రస్తుతము కాదు. రెండు ‘ఓ’లతో వ్రాయబడు ‘టూ’ను గూర్చియే మనము ముచ్చటించుచున్నాము. దానికి ‘కూడ’ యను అర్థమును కలదు. అయితే గుణమును చెప్పు మాటకు ముందు నిలిచినపుడు ‘మరీ’, ‘హద్దు మీరి’ యని యర్థము.

‘వెరీ’ యన్నను ‘టూ’ యన్నను ‘చాల’ యనియే పెక్కురు తలంతురు. ‘వెరీ డీప్’ అన్న బావి మిక్కిలి లోతైనది. అందు దోషమేమియు లేదు, వేసవిలో అది గుణమే. ‘టూ డీప్’ అన్నచో మన తాడు అందని బావి. కావున ‘టూ’ కనబడగానే, ‘దేనికి మరీ?’ అని ప్రశ్నించుకొనవలెను.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరొక నీటివసతి లేనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు 2012 నాటి భారత ప్రమాణము చెప్పుచున్నది. పరీక్షాఫలితమున ‘ఫ్లోరైడ్ ఈజ్ టూ హై’ అని యున్నచో ఆ హద్దు దాటినదన్నమాట. నల్లగొండ ప్రాంతమున గారపట్టిన పండ్లను, వంగిన కాళ్లను చూచినవారికి ఈ మాట బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు మరియొకటి కలదు. ‘ద వాటర్ ఈజ్ టూ సాల్టీ టు డ్రింక్’ అను వాక్యమున ‘నాట్’ ఎచ్చటను లేదు. మాటకు మాట పెట్టి చదివినవారు, నీరు ఉప్పగానున్నను త్రాగవచ్చునని భ్రమపడుదురు. నిజమునకు త్రాగుటకు వీలులేనంత ఉప్పన యని భావము. వ్యతిరేకపదము లేకయే వాక్యము కాదనుచున్నది. అట్లే దరఖాస్తు ‘టూ లేట్ టు బి కన్సిడర్డ్’ అని వ్రాసినచో, అది పరిశీలనలో నున్నదని కాదు. పరిశీలించుటకు వీలులేనంత ఆలస్యముగ చేరినదని. దీనిని ఆశాజనకముగ నెంచి నెలలు వేచియుండినచో, పై అధికారికి చెప్పుకొను గడువును దాటిపోవును. ‘నాట్ టూ లేట్’ అన్నచో మాత్రము ఇంకను వేళ మించలేదు.

లెక్కింపదగిన వానికి ‘టూ మెనీ’, కొలువదగిన వానికి ‘టూ మచ్’ వాడుదురు. విసుగుతో ‘టూ మచ్’ అను మన యువకులు, అర్థమెరిగియే అనుచున్నారు!

ఒక్క మినహాయింపు: ‘ఓన్లీ టూ గ్లాడ్’ అని ఎవరైన వ్రాసినచో, అందు అతి లేదు, కాదనుటయు లేదు. మీ పని చేయుటకు వారెంతయు సంతోషించుచున్నారని యర్థము.