ఉద్యోగంలో నేర్చుకుని... ఉద్యోగానికి నేర్పి

కెరీర్ సదస్సుల్లో డాక్టర్ కల్లం అంజిరెడ్డి కథ సాధారణంగా 1984లో మొదలవుతుంది. పాతిక లక్షల పెట్టుబడితో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పెట్టారని, అది 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి మెట్లెక్కిందని చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు అసలు పనికొచ్చే భాగం అంతకుముందు పదిహేనేళ్లలో ఉంది. ఆ కంపెనీ పెట్టేనాటికి ఆయనకు నలభై దాటాయి. పైగా అది ఆయన తొలి కంపెనీ కూడా కాదు.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుటుంబం ఆయనది. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ అయ్యాక బొంబాయి వెళ్లి, ఇప్పుడు ఐసీటీగా పిలుస్తున్న యూడీసీటీలో మందుల తయారీ సాంకేతికత చదివారు. తర్వాత పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. 1969లో హైదరాబాద్‌లోని ఐడీపీఎల్‌లో చేరారు. సోవియట్ సహకారంతో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ అది. మందుల్లో వాడే అసలు రసాయనాన్ని, పరిశ్రమవాళ్లు బల్క్ డ్రగ్ అని పిలిచేదాన్ని, అక్కడ టన్నుల లెక్కన తీసేవారు.

ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కులో చక్కగా జరిగిన చర్య పెద్ద రియాక్టర్‌లో మొరాయిస్తుంది. వేడి అదుపు తప్పుతుంది, దిగుబడి పడిపోతుంది, మలినాలు పెరుగుతాయి. కెమిస్టుకు ఇవన్నీ ప్లాంటులో షిఫ్టులు చేస్తేనే వంటబడతాయి. ఐడీపీఎల్ ఆయనకు ఆ చదువు చెప్పింది, నెలనెలా జీతం కూడా ఇచ్చింది. ప్రైవేటు పరిశ్రమ వైపు వచ్చాక 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్ వ్యవస్థాపనలో పాలుపంచుకున్నారు. సొంత కంపెనీ ఆ తర్వాతే.

కాలం కూడా కలిసొచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. అదే మందును వేరే దారిలో తయారుచేయగల కెమిస్టుకు అది తెరిచిన తలుపే. రక్తపోటుకు వాడే మిథైల్‌డోపాతో డాక్టర్ రెడ్డీస్ నిలదొక్కుకుంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెజ్ 1991లో మార్కెట్లోకి వచ్చి ఇంటింటి పేరయింది.

అంజిరెడ్డిని స్వయంకృషితో ఎదిగిన మనిషి అంటారు, నిజమే. కానీ ఆ కృషి కింద ప్రభుత్వ పరిశోధనశాల ఉంది, ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసిన అనుభవం ఉంది, బ్యాంకు రుణం ఉంది, అనుకూలమైన చట్టమూ ఉంది. ఇలా అంటే ఆయన్ని తక్కువ చేసినట్టు కాదు. ఉద్యోగంలో చేరడమంటే ఆశలు చంపుకోవడమేనని నమ్మే కుర్రకారు ఈ సంగతి గమనించాలి. హైదరాబాద్ ఫార్మాలో ఈ వరస ఆయనతో ఆగలేదు. దివీస్ స్థాపించిన మురళి దివి అంతకుముందు అంజిరెడ్డితో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేశారు. హెటిరో పెట్టిన పార్థసారథిరెడ్డి డాక్టర్ రెడ్డీస్‌లో ఉద్యోగం చేసినవారే.

ఈ రంగంలోకి ఇప్పుడు రావాలంటే దారులు తెలిసినవే. ఇంటర్ తర్వాత ఈఏపీసెట్‌తో బీఫార్మసీ, ఆపైన జీప్యాట్ రాసి ఎంఫార్మసీ. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు పరిశోధన, క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో, కెమికల్ ఇంజినీర్లకు ఉత్పత్తిలో చోటుంటుంది. బాలానగర్‌లోని ఐడీపీఎల్ ఆవరణలోనే 2007లో ఫార్మా విద్యాసంస్థ నైపర్ హైదరాబాద్ మొదలైంది. దానికి ప్రవేశ పరీక్ష విడిగా ఉంటుంది.

అంజిరెడ్డికి అందని పండు ఒకటుంది. ఇతరులు కనిపెట్టిన మందును చవగ్గా తయారుచేయడం ఒక ఎత్తు, కొత్త మందును కనిపెట్టడం ఇంకో ఎత్తు. 1993లో పరిశోధనకు ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. 1997లో మధుమేహానికి పనికొస్తుందనుకున్న ఒక అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చారు. అదే కంపెనీకిచ్చిన మరో అణువు రాగాగ్లిటజార్ పరీక్షలు 2002లో నిలిచిపోయాయి. జంతువుల్లో కణితులు కనిపించడమే కారణం. 2013 మార్చిలో ఆయన కన్నుమూసేనాటికి ఆ కల కలగానే మిగిలింది. ఆయన మరణం తర్వాత వచ్చిన ఆత్మకథ పేరు ‘యాన్ అన్‌ఫినిష్డ్ అజెండా’.

దాతృత్వం మాత్రం వ్యాపారం సర్దుమణిగాక తీరిగ్గా మొదలుపెట్టింది కాదు. న్యూయార్క్ లిస్టింగుకు ఐదేళ్ల ముందే, 1996లో, డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ వచ్చింది. పనిలో మగ్గుతున్న పిల్లల్ని బడిబాట పట్టించడం దాని తొలినాళ్ల పనుల్లో ఒకటి. 1998లో మొదలైన నాంది ఫౌండేషన్‌కు ఆయనే అధ్యక్షుడు. మధ్యాహ్న భోజనం, పల్లెల్లో తాగునీరు, అరకు గిరిజన రైతుల కాఫీ తోటలు... నాంది చేపట్టినవి చాలానే ఉన్నాయి. నిరుద్యోగులకు నేరుగా తగిలేది మాత్రం డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ నడిపిన లాబ్స్. పూర్తిపేరు లైవ్లీహుడ్ అడ్వాన్స్‌మెంట్ బిజినెస్ స్కూల్. పేరులో బిజినెస్ స్కూల్ ఉన్నా అక్కడికి వచ్చింది చదువు మధ్యలో ఆగిపోయిన, డిగ్రీ ఉన్నా పని దొరకని పేదింటి యువత.

లాబ్స్ పద్ధతిలో చెప్పుకోవాల్సింది వరస. ముందు గది అద్దెకు తీసుకుని, ఆనక కోర్సు పెట్టి, చివర్లో ఉద్యోగాల కోసం తిరగడం లేదు. మొదట ఆ ఊళ్లోని హోటళ్లు, ఆసుపత్రులు, దుకాణాలు, మెకానిక్ షెడ్ల యజమానుల్ని కలిసి, వాళ్లకు ఎలాంటి మనుషులు కావాలో కనుక్కునేవారు. దాన్నిబట్టే కోర్సు. శిక్షణ కొద్ది నెలలే. అందులో పనితోపాటు మాట తీరు, వేళకు రావడం, ఇంటర్వ్యూలో కూర్చోవడం కూడా ఉండేవి. టన్నుకెంత దిగుబడి అని అడిగే కెమిస్టు ఇక్కడ ఎందరికి కొలువు దొరికిందని అడిగినట్టే ఉంటుంది ఈ ఏర్పాటు.

ఏ శిక్షణ కేంద్రంలోనైనా ఫీజు కట్టేముందు ఇవే ప్రశ్నలు వేయొచ్చు. ఈ కోర్సు పెట్టకముందు ఏ యజమానులతో మాట్లాడారు? కిందటి బ్యాచ్‌లో ఎందరు ఎక్కడ చేరారు, ఆరు నెలల తర్వాత కూడా అక్కడే ఉన్నారా? జవాబుకు బదులు గోడమీది ఫొటోలు చూపిస్తే ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని పక్క కేంద్రానికి వెళ్లొచ్చు.