కెమెరా గుంజ కాడ, వేలు ఫోన్ మీద

ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. కెమెరాను ఒక చోట నిలబెట్టి, మనం ఇంకో చోట కూర్చుని, ఫోన్‌తో క్లిక్‌మనిపించడం ఎట్లా అని. అందుకే మిగతావి పక్కనబెట్టి, అన్నీ ఆ ముచ్చటవే తీసుకున్నాను.

ప్రశ్న: సార్, పెండ్లిళ్ల ఫోటోలు తీస్తుంటా. కెనాన్ 1500డీ ఉంది. స్టేజీ పక్కన ఎత్తు స్టాండు మీద పెట్టి తలంబ్రాలు పైనుంచి తీద్దామని కెమెరా కనెక్ట్ యాప్ వేసుకున్న. ఇంట్ల మంచిగ పనిచేసింది. ఫంక్షన్ హాల్ల రెండు నిమిషాలకోసారి తెగిపోయింది. కెమెరా ఖరాబైందా? (ఒక ఫోటోగ్రాఫర్, మిర్యాలగూడ)

జవాబు: కెమెరా బాగానే ఉంది. ఫోన్‌కే తెలివి ఎక్కువైంది.

మీ కెమెరా తనే ఒక చిన్న వైఫైని పుట్టిస్తుంది, ఫోన్ వెళ్లి దానికి తగులుకుంటుంది. ఆ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ ఫోన్‌కు అది అర్థం కాదు. ఇంటర్నెట్ రాని వైఫై దండగ అనుకుని, మీతో చెప్పకుండానే మొబైల్ డేటాకు మళ్లిపోతుంది. లేదంటే ఎప్పుడో పాస్‌వర్డ్ కొట్టిన ఆ హాలు వైఫైని పట్టుకుంటుంది. ఇంట్లో ఆ సంగతి బయటపడలేదంతే.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని విని పోయిన రోజు, ఇరవయ్యారు గేట్ల తెల్లటి నురగ ఎదుట అరగంట సేపు కెమెరాను తిట్టుకున్నాను. తీరా చూస్తే, పొద్దున ఇడ్లీ తిన్న హోటల్ వైఫైని నా ఫోన్ ఇంకా వదల్లేదు. అప్పటికి వెలుగు పోయింది.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే మళ్లీ ఆన్ చేయండి. ఫోన్లు కూడా రావు, మంచిదే. 'ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉంటారా' అని అడిగితే ఉంటానని చెప్పండి. లొకేషన్, దగ్గరి పరికరాలు అంటూ యాప్ అడిగే అనుమతులన్నీ ఇవ్వండి. ఐఫోన్ అయితే లోకల్ నెట్‌వర్క్ అనుమతి చూసుకోండి. అది లేకపోతే కెమెరా వైఫై కలిసినా యాప్‌కు కెమెరా కనబడదు.

ఇక హాలు సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి మనిషి ఒళ్లు పెద్ద అడ్డు, ఒంట్లో ఉన్నదంతా నీళ్లే కదా. ఖాళీ హాల్లో పది మీటర్లు పోయే సిగ్నల్, అక్షింతలు వేయడానికి జనం లేచి నిలబడితే నాలుగు మీటర్లకే చచ్చిపోతుంది. పైగా అక్కడ వందల ఫోన్లు. కెమెరాను జనం తలల కన్నా ఎత్తులో పెట్టి, మీకూ దానికీ నడుమ అడ్డం లేకుండా నిలబడండి.

ఒక్కమాట. తలంబ్రాలు రెండోసారి పోయరు. దాటిపోతే మళ్లీ రాని ఘడియకు యాప్‌ను నమ్ముకోవద్దు. మీ కెమెరా పక్కన చిన్న రిమోట్ సాకెట్ ఉంది. దానికి తీగ రిమోటో, రేడియో రిమోటో తగిలించండి. ఫ్రేము కుదిరిందా లేదా చూసుకోవడానికి ఫోన్, క్లిక్ కొట్టడానికి రిమోట్.

ప్రశ్న: నా దగ్గర ఉన్నది పాత 700డీ. వైఫై లేదు. దానికి కూడా ఫోన్‌తో పనవుతదా? (దేవరకొండ)

జవాబు: అవుతుంది. మీ ఫోన్ టీవీకి రిమోట్‌గా పనిచేస్తుందా? రెడ్‌మీ లాంటి చాలా ఫోన్ల నెత్తి మీద చిన్న ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంటుంది. ఆ రిమోట్ యాప్‌లోనే కెమెరా అనే విభాగం వెతకండి. 700డీ ముందువైపు పిడి మీద రిసీవర్ ఉంది కాబట్టి, డ్రైవ్ మోడ్‌ను రిమోట్‌కు మార్చి, ఫోన్‌ను ముందు నుంచి చూపిస్తే క్లిక్ పడుతుంది. బొమ్మ కనబడదు, క్లిక్ మాత్రమే. ఎండలో సరిగా పనిచేయదు. బొమ్మ కూడా కావాలంటే ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు కలిపి, యూఎస్‌బీ మీద నడిచే యాప్ వేసుకోవాలి. కొత్త కెమెరా కొనకండి, లెన్సు కొనుక్కోండి.

ప్రశ్న: మా పల్లిచేను కాడ బాయి గట్టున ఒక రాతి గుంజ ఉన్నది. రోజూ పొద్దుగాల పాలపిట్ట దాని మీదనే కూసుంటది. నేను కెమెరా పట్టుకొని ఇరవై గజాలు రాకముందే లేసిపోతది. సోనీ ఆల్ఫా 6400, 55-210 లెన్సు ఉన్నయి. మోటరు రూములో కూసొని ఫోన్‌తో తీయచ్చా? (కల్వకుర్తి)

జవాబు: తీయచ్చు. ఈ పద్ధతికి ఇంతకన్నా సరైన పని లేదని కూడా అంటాను. తెలంగాణ వచ్చాక పాలపిట్టను రాష్ట్ర పక్షి అన్నాం, దసరా నాడు కనబడితే మంచిదని తలెత్తి చూస్తాం, ఆ ఒక్కరోజు కోసం కొందరు దాన్ని పంజరంలో పెట్టి తిప్పుతారు కూడా (అది నేరం). చేతిలో ఏదైనా పట్టుకొని దగ్గరికొచ్చే మనిషిని అది నమ్మకపోవడంలో తప్పేమీ లేదు.

మీకు ఉన్న గొప్ప అదృష్టం ఆ గుంజ. పాలపిట్ట వేట అంతా ఒకే ఎత్తు చోటు నుంచి. కూర్చుని నేల మీద మిడతను చూస్తుంది, దిగి పట్టుకుంటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. పిట్ట ఎక్కడికి వస్తుందో ముందే తెలిస్తే పని సగం అయినట్టే.

మొదటి రోజే కెమెరా పెట్టకండి. గుంజకు మూడు మీటర్ల దూరంలో స్టాండు పాతి, కెమెరా సైజు డబ్బా ఒకటి దాని మీద పెట్టి, గోనెసంచి కప్పి, నాలుగు రోజులు అట్లా వదిలేయండి. పిట్టకు అలవాటు కావాలి. అయిదో రోజు తెల్లవారకముందే వెళ్లి డబ్బా తీసి కెమెరా పెట్టండి. పొద్దు మీ కెమెరా వెనక నుంచి రావాలి. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి గుంజ తల మీద నిలపండి. ఆటో ఫోకస్ వెనకాల పచ్చని చేనును పట్టుకుని కూర్చుంటుంది.

ఫోన్‌లో సోనీ వాళ్ల క్రియేటర్స్ యాప్ ఉండాలి. దాంట్లో కనబడేది జరుగుతున్నది కాదు, కొద్ది క్షణం కిందట జరిగింది. పిట్ట రెక్క విప్పడం చూసి నొక్కితే మీకు మిగిలేది ఉత్త గుంజ. ముందుకు వంగగానే నొక్కండి, వరుస షాట్లలో నొక్కండి. కూర్చున్న పిట్టకు సైలెంట్ షట్టర్ పెట్టండి. ఎగిరే పిట్టకు మాత్రం మామూలు షట్టరే వాడాలి. సైలెంట్‌లో సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరుసగా చదువుతుంది, ఆ లోపల రెక్క కదిలిపోయి వంకరగా పడుతుంది. నీలం రెక్కలు విప్పినప్పటి అందమే ఈ పిట్ట అందం, అది వంకరపోతే ఏం లాభం.

ఈ కెమెరా బ్యాటరీ చిన్నది. పవర్ బ్యాంకు నుంచి యూఎస్‌బీ వైరు ఇచ్చి గోనెసంచి కిందనే పెట్టేయండి. పవర్ సేవ్ సమయం పెంచుకోండి, లేకుంటే పిట్ట వచ్చేసరికి కెమెరా నిద్రపోతుంది. ఎండాకాలం తొమ్మిది దాటితే సర్దుకుని ఇంటికి రండి. పిట్టలు మొండి తాటిచెట్ల తొర్రల్లో గుడ్లు పెట్టేదీ ఆ రోజుల్లోనే. తొర్ర దగ్గర మాత్రం కెమెరా పెట్టవద్దు. తల్లి భయపడి రాకపోతే పిల్లలు ఎండకు చస్తాయి.

ప్రశ్న: పిల్లలమర్రి కింద ఇంటిల్లిపాదీ ఫోటో దిగుదామని ఉంది. తీసేది ఎప్పుడూ నేనే కాబట్టి ఏ ఫోటోలో నేను ఉండను. ఫోన్‌తో తీస్తే? (మహబూబ్‌నగర్)

జవాబు: తీయండి, కానీ ఒక చిక్కు ఉంది. మీరు ఫోన్ చూస్తుంటే ఇంటోళ్లందరూ మీ ఫోన్‌నే చూస్తారు, లెన్సును ఎవరూ చూడరు. ఫోన్‌లో ఫ్రేము చూసుకుని, టైమర్ పెట్టి, ఫోన్‌ను వీపు వెనక్కి దాచేయండి. చెట్టు కింద చీకటి, బయట మండే ఎండ. ఎక్స్‌పోజర్ ముఖాలకు కుదర్చండి, బయట తెల్లబోతే పోనీ. కెమెరాను ఊడకు మాత్రం కట్టకండి. చెదలు పట్టి పడిపోతుంటే 2018లో సెలైన్ సీసాల్లో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు అది.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, ఫిజిక్స్. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ రోజంతా కదలదంటారు. అది నిజమో కాదో ఫోటోలతో తేల్చాలని ఉంది. నికాన్ డీ5300 అరువు తెచ్చుకున్నాను. రోజంతా ఫోన్ పట్టుకొని కూర్చోవాలా? (నల్లగొండ)

జవాబు: ఇట్లాంటి ఉత్తరం వస్తే ప్రాణం లేచి వస్తుంది. ఊరి పక్కనే కుందూరు చోళుల కాలపు త్రికూటాలయం ఉంది, అందులో ఒక గర్భగుడిలో స్తంభం నీడ పడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది. బయట మన నీడ పొద్దుతో పాటు తిరుగుతుంది, అది తిరగదు. వెలుగు ఒక్క సూర్యుడి నుంచి నేరుగా రాక, స్తంభాల సందుల్లోంచి పలు దిక్కుల నుంచి చెదిరి లోపలికి వస్తుందని, అందుకే నీడ నిలబడుతుందని వివరిస్తారు. మీరు తేల్చాల్సింది రెండు: నీడ అంచు కదులుతుందా, దాని చిక్కదనం మారుతుందా. రెండోది కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది.

రోజంతా ఫోన్ పట్టుకొని కూర్చోకండి. లైవ్ వ్యూ, వైఫై రెండూ నడిస్తే బ్యాటరీ పూట కూడా ఆగదు. మీ డీ5300లోనే ఇంటర్వల్ టైమర్ ఉంది. అయిదు నిమిషాలకు ఒకటి చొప్పున తొమ్మిది గంటలకు 108 ఫోటోలు. దాన్ని వీడియో చేస్తే నాలుగున్నర సెకన్లు. అది చాలు, రుజువుకు నిడివి అక్కర్లేదు.

మరి ఫోన్ ఎందుకు? గర్భగుడి ముందు ఇరుకు. ట్రైపాడ్ కిందికి దించి పెట్టాక వ్యూఫైండర్‌లో కన్ను పెట్టడానికి నేల మీద పడుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఫ్రేము, ఫోకస్ ఫోన్‌లో చూసుకోండి. నికాన్ వాళ్ల పాత వైర్‌లెస్ మొబైల్ యుటిలిటీ యాప్ ఈ కెమెరాదే. అయితే షట్టర్ వేగం, అపర్చర్ దాంట్లోంచి మార్చలేరు, కెమెరా మీదే పెట్టాలి. ఫోకస్ కుదరగానే మాన్యువల్‌కు మార్చి, వైఫై ఆపేసి, టైమర్ మొదలుపెట్టి దూరంగా వచ్చేయండి.

అసలు కీలకం ఇక్కడుంది. ఏదీ ఆటోలో ఉండకూడదు. ఎఫ్ 8, ఐఎస్ఓ 400 పెట్టి, మధ్యాహ్నం వెలుగుకు సరిపడే షట్టర్ ఒకటి చూసుకుని దాన్ని రోజంతా ముట్టుకోకండి. వైట్ బ్యాలెన్స్ కూడా ఒకటే. కెమెరాను తన ఇష్టానికి వదిలేస్తే ప్రతి ఫోటోనూ సమానంగా వెలిగించి, మీరు వెతుకుతున్న తేడానే చెరిపేస్తుంది. రా ఫైళ్లు తీయండి. లెన్సులో వైబ్రేషన్ తగ్గించే మీట ట్రైపాడ్ మీద ఆపేయండి. ఫ్లాష్ వేస్తే నీడే ఉండదు, చెప్పనక్కర్లేదు.

పరీక్ష కోసం ఇంకో పని. గుడి బయట ఎండలో ఒక కర్ర పాతి, ఫోన్ కెమెరాతో గంటకోసారి దాని నీడను తీయండి. రెండూ పక్కపక్కన పెడితే మీ లెక్చరర్ కూడా నోరెత్తరు. పురావస్తు శాఖ వాళ్లను, పూజారిగారిని ముందే అడగండి. భక్తులు వచ్చిపోయే ఫ్రేముల్లో వాళ్ల నీడా పడుతుంది. వాటిని పారేయకుండా పక్కన పెట్టండి, మనిషి అడ్డొస్తే ఆ నీడ ఏమైందో అదే చెబుతుంది. ఫలితం నాకు రాయండి.

ప్రశ్న: అన్నా, నల్లమలలో బాట పక్కన కెమెరా పెట్టి రాత్రి పులి వస్తే ఫోన్‌తో తీయాలని ఉంది. (అచ్చంపేట)

జవాబు: వద్దు తమ్ముడూ. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఫోటోలకు 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. అదీగాక ఈ వైఫై పది మీటర్లు. అంటే పులికి పది మీటర్లలో చీకట్లో నువ్వూ ఉండాలి. అటవీ శాఖ వాళ్లు చెట్లకు కట్టే కెమెరాలకు ఫోనూ యాపూ అక్కర్లేదు, ఎదుట నడిచే జంతువు ఒంటి వేడి తగిలితే అవే క్లిక్‌మంటాయి.

ప్రశ్న: మాది పోచంపల్లి. ఇంట్లోనే మగ్గం. చీరె నేల మీద పరిచి పైనుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాం. స్టూలెక్కి తీస్తే చెయ్యి వణుకుతుంది, పని అంచులు మసకగా వస్తున్నాయి. కెనాన్ 200డీ. (చేనేత కుటుంబం)

జవాబు: దూలానికో, అడ్డం పెట్టిన గట్టి బొంగుకో కెమెరాను కిందికి చూసేటట్టు బిగించండి. స్ట్రాప్‌ను వేరే తాడుతో దూలానికి కట్టడం మరవద్దు. జారితే చీరె మీదే పడుతుంది. కెమెరా కనెక్ట్ యాప్‌లో అంచులు ఫ్రేముకు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటూ, నేల మీద కూర్చునే చీరె సర్దుకోవచ్చు. స్టూలు ఎక్కి దిగే పని తప్పుతుంది. కిటికీ వెలుగు ఒక్కటే ఉంచి ట్యూబ్‌లైటు ఆపేయండి, రెండూ కలిస్తే మెరూన్ రంగు ఇటుక రంగవుతుంది.

ఇక మసక సంగతి. అది మీ చెయ్యి వణుకు ఒక్కటే కాదు. చిటికి (ఇక్కత్) పనిలో రంగు అద్దిన పోగులు నేతలో పిసరంత జరుగుతాయి, అందుకే పువ్వు అంచు ఈకలా ఉంటుంది. అది మీకు నేను చెప్పేదేముంది. యాప్‌లో ఫోకస్ పెట్టడానికి పువ్వు అంచు మీద వేలు పెడితే కెమెరా తడబడుతుంది. బొమ్మను పెద్దది చేసి, ఒక్క రంగున్న చోట, పోగు విడిగా కనబడే దగ్గర వేలు పెట్టండి. తర్వాత ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, కొనేవాళ్లు పెద్దది చేసి పోగులు లెక్కబెట్టుకుంటారు.