ఫులానీలు – ఆవుల వెంట నడిచే జనం



ఈ నెల గోడపత్రికలో సాంఘిక శాస్త్రం పేజీ నన్ను రాయమన్నారు. పాఠానికి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల ఏడో తరగతిలో ఒక అబ్బాయి పటంలో నైలు నదిని చూపించలేకపోయాడు. "నువ్వు బర్లు కాయడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ అబ్బాయి మాత్రం "మా బాపు గదే పని చేస్తడు సార్" అని కూర్చున్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నా చిన్నప్పుడు మా సార్లు నన్ను అదే మాట అన్నారు. నేను మిమ్మల్ని అన్నాను. పశువులు కాయడమంటే ఏమీ తెలియనివాళ్ళ పని అని అందరం అనుకుంటున్నాం. నిజంగా అంతేనా? ఆ పనినే గౌరవంగా ఎంచి బతికే ఒక జాతి గురించి చదివింది రాస్తున్నాను. చదివి మీరే చెప్పండి.

ఎవరు వీళ్ళు?

ఆఫ్రికా పటం చూడండి. పైన సహారా ఎడారి, కింద దట్టమైన అడవులు. ఈ రెండింటికీ నడుమ పడమటి సముద్రం నుంచి తూర్పుకు పట్టీలాగా సాగే గడ్డి నేల ఉంది. దాని పేరు సాహెల్. అక్కడా, దాని చుట్టుపక్కలా సెనెగల్, గినీ, మాలి, నైజర్, నైజీరియా, కామెరూన్ వంటి అనేక దేశాల్లో ఫులానీలు ఉన్నారు. వాళ్ళ జనాభా కోట్లలో ఉంటుంది. ఫులానీ అనేది పక్కనున్న హౌసా ప్రజలు పిలిచే పేరు. మన గోండులు తమను కోయితూర్ అని చెప్పుకున్నట్టే, వాళ్ళు తమను ఫుల్బె అంటారు. భాష పేరు ఫుల్ఫుల్దె, సెనెగల్ వైపు పులార్.

అందరూ పశువులు కాస్తారని అనుకోకండి. ఊళ్ళలో వ్యవసాయం చేసేవాళ్ళు, పట్నాల్లో వ్యాపారాలు, ఉద్యోగాలు చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది మందల వెంట తిరిగేవాళ్ళ సంగతి.

ఏడాది పొడుగునా నడక

వానలు పడగానే మందలు ఉత్తరానికి, ఎడారి అంచు దాకా పోతాయి. ఎందుకు? అప్పుడు దక్షిణాన పొలాల్లో పంటలుంటాయి. పైగా తేమ ప్రాంతాల్లో సెట్సీ అనే ఈగ కుట్టి పశువులకు ప్రాణాంతకమైన జబ్బు అంటిస్తుంది. ఉత్తరాన ఈగ ఉండదు, లేత గడ్డి ఉంటుంది. నైజర్ దేశంలో ఇన్‌గాల్ దగ్గర వానాకాలం చివర మందలను ఉప్పు నేలకు తోలుకుపోతారు. ఆ ఉప్పు పశువులకు బలం. నీళ్ళు ఎండాక మళ్ళీ దక్షిణానికి, నదుల వైపు దిగుతారు.

కోతలయ్యాక రైతులు వాళ్ళను పొలాల్లో దిగమంటారు. ఆవులు మోళ్ళు మేస్తాయి, పేడ ఎరువవుతుంది. మన దగ్గర గొల్లకుర్మలతో పొలంలో గొర్రెల మంద పెట్టించుకుంటారు కదా, అదే పద్ధతి.

మాలిలో జాఫరాబే దగ్గర ఏటా మందలన్నీ నైజర్ నదిని ఈది దాటుతాయి. అది వాళ్ళకు పెద్ద పండుగ. నెలల తరబడి దూరంగా ఉన్న కాపరులు ఆ రోజు ఇంటివాళ్ళను కలుసుకుంటారు. 1818లో అక్కడ మాసినా రాజ్యం స్థాపించిన సేకు అహ్మదు, ఏ మంద ఎప్పుడు, ఎవరి తర్వాత గడ్డిలోకి దిగాలో కట్టుబాట్లు పెట్టించాడు. గడ్డికి కూడా చట్టం ఉందన్నమాట!

పాడి, నడవడి

ఆవును కోసి తినడం అరుదు. పెళ్ళి, పేరు పెట్టడం వంటి శుభకార్యాలకే. బతుకంతా పాల మీదే. పాల పెత్తనం చాలాచోట్ల ఆడవాళ్ళది. సొరకాయ బుర్రల్లో పాలు నెత్తిన పెట్టుకొని సంతకు పోయి అమ్ముతారు, ధాన్యం తెచ్చుకుంటారు. నైజీరియాలో సజ్జపిండి ముద్దలను పులిసిన పాలలో కలిపి తాగడం అందరికీ ఇష్టం.

వాళ్ళలో వొడాబె అనే తెగలో ఒక మంచి ఆచారముంది. ఒకరి మంద చచ్చిపోతే బంధువో స్నేహితుడో ఒక పెయ్యను ఇస్తాడు. అది రెండు మూడు ఈతలు ఈనాక తల్లిని తిరిగి ఇచ్చేయాలి, దూడలు మాత్రం పుచ్చుకున్నవాడివే. అప్పు తీరుతుంది, చుట్టరికం మిగులుతుంది.

మనిషి ఎలా నడుచుకోవాలో చెప్పే కట్టుబాటును 'పులాకు' అంటారు. ఓర్పు, సిగ్గు బిడియం, ముందుచూపు దానిలో ముఖ్యం. ఆకలేసినా నలుగురిలో ఆత్రపడకూడదు, బాధను బయటపెట్టకూడదు.

నమ్మకం

ఫులానీలు ఎక్కువమంది ముస్లింలు. మేత బీడులోనే వేళకు నమాజు చేస్తారు. 1804లో ఉస్మాన్ డాన్ ఫోడియో అనే ఫులానీ పండితుడు యుద్ధం మొదలుపెట్టాడు. దానివల్ల ఇప్పటి ఉత్తర నైజీరియాలో సొకోటో రాజ్యం ఏర్పడింది. ఆయన కూతురు నానా అస్మావు (1793–1864) మూడు భాషల్లో కవిత్వం రాసింది. ఆడవాళ్ళను పంతులమ్మలుగా తయారుచేసి పల్లెలకు పంపింది. ఆడపిల్లలు ఈ పేరు నోటుబుక్కులో రాసుకోండి! ఇస్లాంతో పాటు పాత కథలూ నిలిచాయి. ఒక పెద్ద పాల బొట్టు నుంచి లోకం పుట్టిందని ఒక కథ.

కష్టాలు

1890లలో ముసర రోగం ఆఫ్రికా మందలను తుడిచిపెట్టింది. (ఆ రోగం ప్రపంచంలోనే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు.) 1968–74లో, మళ్ళీ 1980లలో భయంకరమైన కరువులు వచ్చాయి. ఇప్పుడు పశువుల బాటలు పొలాలైపోతున్నాయి. మంద చేలో పడితే తగాదా, ఆపైన తుపాకులు. రైతులూ చస్తున్నారు, కాపరులూ చస్తున్నారు. కొందరు ఫులానీలు సాయుధ ముఠాల్లో చేరారు. ఆ నింద జాతినంతటినీ తాకుతోంది. 2019 మార్చిలో మాలిలోని ఒగొసాగు అనే ఫులానీ పల్లె మీద పడి 150 మందికి పైగా చంపేశారు, పిల్లలతో సహా.

ఒక ప్రశ్న

ఇదంతా ఏడో తరగతిలో చెప్పాను. ముందు ఆ అబ్బాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. పాఠం అయ్యాక అతనే లేచి, "సార్, ఆళ్ళ పిల్లలు ఏ బడికి పోతరు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఇల్లే కదులుతుంటే బడి ఎలా? నైజీరియా ప్రభుత్వం 1989లో సంచార జాతుల చదువు కోసం ఒక కమిషన్ పెట్టింది. అయినా బడికి దూరంగా ఉన్న పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు.

అదే 1989లో గినీలో ఇబ్రహీమా బారీ, అబ్దులాయే బారీ అనే ఇద్దరు ఫులానీ అన్నదమ్ములు తమ భాషకు సరిపోయే లిపి లేదని ఇంట్లో కూర్చొని కొత్త అక్షరాలు గీశారు. వయసు 14, 10 ఏళ్ళు. అంటే మీ అంతే! ఆ లిపి పేరు అడ్లం. 2016లో అది కంప్యూటర్ల యూనికోడ్‌లో చేరింది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి కూడా 2018లో చేరింది.

తర్వాత ఆ అబ్బాయిని అడిగాను: "మీ బాపు ఎన్ని పశువులు కాస్తాడు?" "నూటిరవై సార్." "సాయంత్రం లెక్కపెడతాడా?" "లెక్కవెట్టడు సార్. ఏది రాలేదో గది కనబడ్తది."

నాకు క్లాసులో హాజరు పిలిస్తే గాని ఎవరు రాలేదో తెలియదు.

ఇంటిపని: సెలవులకు పోయినప్పుడు మీ ఊరి కాపరిని అడిగి పది రకాల గడ్డి పేర్లు, పశువుల రంగులను బట్టి పెట్టే పేర్లు మీ భాషలోనే రాసుకురండి. వచ్చే నెల గోడపత్రికలో వేద్దాం.

– మీ సాంఘిక శాస్త్రం సార్